ఎండతో బ్యాటరీ చార్జి చేసికొనుట
ఇంటి వద్ద కట్టుకొనదగిన చిన్న సాధనము

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము రైతులు 2018 అక్టోబరు 11వ తేదీని మరువలేరు. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి, కొబ్బరి, జీడి తోటలతో బాటు కరెంటు స్తంభములను కూడ నేలకూల్చినది. అనేక గ్రామములలో రోజుల తరబడి దీపము వెలుగలేదు. అంతకు నాలుగేండ్లు ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమునకు ఇదే గతి పట్టించినది. అట్టి రాత్రులలో రైతునకు కావలసిన కరెంటు ఎంతో కాదు. పశువుల కొట్టమునకు పోవునపుడు కాలి ముందు పాము ఉన్నదీ లేనిదీ తెలియునంత వెలుతురు, కబురు అందుటకు సెల్‌ఫోనులో చార్జి, ఇంటిలోని చంటిబిడ్డకు కొద్దిపాటి గాలి. ఈ మాత్రము కరెంటును మీ ఇంటి కప్పు మీద పడు ఎండతోనే నిలువ చేసికొనవచ్చును. స్క్రూడ్రైవరు, పానా పట్టుట తెలిసినవారెవరైనను ఈ సాధనమును ఒక్క పూటలో బిగించుకొనగలరు.

ముందుగా దీనితో కాని పని ఏదో చెప్పుట మంచిది. దీనితో బావి మోటారు తిరుగదు. 5 గుర్రపు శక్తి మోటారు చేయు పనియే 3,730 వాట్లు; మనము కట్టబోవు ప్లేటు నడిమింటి ఎండలో ఇచ్చునది 100 వాట్లు. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, ఫ్రిజ్జులకు కూడ ఇది చాలదు. మోటారుకు సోలారు కావలసినవారు పంపుసెట్ల పథకముల క్రింద వేరుగా పెట్టించుకొనవలెను. ఇచ్చట చెప్పునది దీపములు, ఫోను, చిన్న ఫ్యాను కొరకు మాత్రమే.

పని చేయు తీరు

బ్యాటరీ ఒక చెరువు అనుకొనుడు. సోలారు ప్లేటు దానిలోనికి నీరు తెచ్చు వాగు. వోల్టులనగా నీటి మట్టము, ఆంపియర్లనగా పారుదల. 5 ఆంపియర్లు 4 గంటలు పారినచో 20 ఆంపియర్ గంటలు చేరినట్లు. మట్టము ఎక్కువ ఉన్నచోటు నుండి తక్కువ ఉన్నచోటికే నీరు పారును గనుక, 12 వోల్టుల బ్యాటరీని నింపుటకు ప్లేటు 12 కంటె బాగుగా ఎక్కువ వోల్టులు ఇవ్వవలెను. అందుచేతనే '12 వోల్టుల ప్లేటు' అని అమ్మునది నిజమునకు ఎండలో 18 వోల్టుల వద్ద పని చేయును. ఏమియు తగిలింపక కొలిచినచో 21, 22 వోల్టులు చూపును. దుకాణదారు మోసగించినాడని అనుకొనవలదు. అది అట్లే ఉండవలెను.

ప్లేటులోని నల్లని బిళ్ళలు సిలికానుతో చేసినవి. ఒక్కొక్కటి అర వోల్టు పైచిలుకు ఇచ్చును. అట్టివి 36 వరుసగా కలుపుదురు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 1954లో ఇట్టి బిళ్ళను మొదట లోకమునకు చూపినప్పుడు, పడిన ఎండలో నూటికి సుమారు 6 వంతులు మాత్రమే కరెంటుగా మారినది. నేడు అంగడిలో దొరకు మంచి ప్లేట్లు నూటికి 20 వంతులకు మించి మార్చుచున్నవి.

విడి బిళ్ళలు కొని, అద్దము క్రింద అంటించి, ప్లేటును కూడ ఇంటిలోనే తయారు చేయవచ్చునని కొందరు ఉత్సాహపడుదురు. నేర్చుకొనుటకు అది మంచిదే గాని నమ్ముకొనుటకు పనికిరాదు. ఆ బిళ్ళ మందము అర మిల్లీమీటరైనను ఉండదు, అప్పడము వలె విరుగును. ఒక్క వానకాలము గడచునప్పటికి అద్దము క్రిందికి చెమ్మ చేరి అతుకులు తుప్పు పట్టును. ప్లేటును కొనుడు, తక్కినది మీ చేతితో కట్టుకొనుడు.

వాగు నుండి వచ్చు నీటిని చెరువు కట్ట తెగకుండ, అడుగంటకుండ చూచుటకు నీరటికాడు ఉన్నట్లే, ప్లేటుకు బ్యాటరీకి నడుమ చార్జి కంట్రోలరు అను చిన్న పెట్టె ఉండవలెను. బ్యాటరీ నిండినప్పుడు అది పారుదల తగ్గించును. మరీ దిగినప్పుడు దీపములను ఆపివేయును. రాత్రి బ్యాటరీ నుండి ప్లేటులోనికి కరెంటు వెనుకకు పారకుండ అడ్డును. దీని ఖర్చు మిగుల్చుకొనదలచి ప్లేటును నేరుగా బ్యాటరీకి తగిలించినవారు ఆ మిగిలినదానికి ఎన్నో రెట్లు బ్యాటరీ రూపమున పోగొట్టుకొందురు.

ఎంత పెద్దది కావలెను?

అందాజుగా కొనరాదు. ఒక రాత్రి ఎంత ఖర్చగునో లెక్క వేయవలెను. 7 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు మూడు, 5 గంటల చొప్పున: 105 వాట్ గంటలు. 15 వాట్ల చిన్న టేబిలు ఫ్యాను 8 గంటలు: 120. రెండు ఫోనులకు 20. మొత్తము 245 వాట్ గంటలు. దీనిని 12 వోల్టులతో భాగించినచో సుమారు 20 ఆంపియర్ గంటలు వచ్చును. బ్యాటరీలోనికి పోసినదంతయు తిరిగి రాదు. 20 తీయవలెనన్నచో సుమారు 24 పోయవలెను. మన ప్రాంతమున ఉదయపు, సాయంత్రపు మంద ఎండను కూడ కలిపి చూచినచో, రోజుకు నాలుగున్నర గంటల పూర్తి ఎండకు సమానమని లెక్కించుట క్షేమము. 24ను నాలుగున్నరతో భాగింపగా 5.3 ఆంపియర్లు. 100 వాట్ల ప్లేటు ఇచ్చునది 5.5. కనుక ఈ ఇంటికి 100 వాట్ల ప్లేటు సరిపోవును. మీ ఖర్చు వేరుగా ఉన్నచో ఇదే లెక్క మీ అంకెలతో వేసికొనుడు.

ఇక బ్యాటరీ. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేయనిచ్చినచో దాని ఆయువు వేగముగా తరుగును. 20 ఆంపియర్ గంటలు వాడువారికి 40 తప్పనిసరి. మబ్బు పట్టిన రోజునకు కొంత చేర్చి 60 పెట్టుకొనవలెను. రెండవ రోజు కూడ ఎండ రానిచో ఫ్యాను ఆపి దీపములతో సరిపెట్టుకొనుడు. 'ఉండనీ' అని 150 ఆంపియర్ గంటల బ్యాటరీ తెచ్చి 100 వాట్ల ప్లేటుకు తగిలించుట గ్రామములలో తరచుగా జరుగుచున్నది. ఒకసారి దిగిన పిదప అంత పెద్ద బ్యాటరీ వారముల తరబడి నిండదు. నిండని సీసపు పలకల మీద తెల్లని గంధకపు లవణము గట్టిపడి, చివరకు అది చార్జి పట్టుట మానివేయును. ఏరు చిన్నదైనప్పుడు చెరువు పెద్దది త్రవ్వి లాభము లేదు.

పాత ట్రాక్టరు బ్యాటరీ సంగతి

ప్రతి రైతునకు వచ్చు ప్రశ్న ఇది: కొట్టములో ట్రాక్టరు బ్యాటరీ పడి ఉన్నది గదా, దానిని వాడరాదా? వాడవచ్చును, కాని దాని స్వభావము తెలిసి వాడవలెను. ట్రాక్టరు బ్యాటరీ ఇంజను తిప్పుటకు కొద్ది క్షణములపాటు వందల ఆంపియర్లు ఇచ్చుటకు చేయబడినది. అందుకై దానిలో పలచని పలకలు ఎక్కువగా ఉండును. స్టార్టు అయిన వెంటనే ఆల్టర్నేటరు దానిని తిరిగి నింపును గనుక అది ఎప్పుడును లోతుగా దిగదు. అట్టిదానిని రాత్రి అంతయు నెమ్మదిగా పిండి, తెల్లవారి నింపి, మరల పిండినచో పలకల పూత రాలిపోవును. కొద్ది నెలలలోనే పని తీరిపోవచ్చును. ఇన్వర్టరు కొరకు అమ్ము ట్యూబులారు బ్యాటరీలో పలకలు దళసరి. అది ఈ పనికే పుట్టినది. పాత బ్యాటరీ మీద చేతివాటము నేర్చుకొని, తుఫాను రోజులకు మాత్రము ట్యూబులారు దానిని ఉంచుకొనుట తెలివి. ట్రాక్టరులో వాడుచున్న బ్యాటరీని రాత్రి దీపమునకు, పగలు దుక్కికి మార్చి మార్చి బిగించు అలవాటు అసలే వలదు; దుక్కి అదను నాడే అది మొరాయించును.

లిథియము ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు తేలికైనవి, ఎక్కువ లోతుకు దింపినను ఓర్చుకొనునవి, నీరు పోయు పని లేనివి. ధర ఎక్కువ. వీటికి లోపల రక్షణ సర్క్యూటు తప్పక ఉండవలెను. కంట్రోలరులో కూడ లిథియమునకు చెందిన అమరిక ఉండవలెను. సీసపు బ్యాటరీ అమరికతో వీటిని నడుపరాదు.

సామాను

100 వాట్ల 12 వోల్టుల ప్లేటు ఒకటి, 10 ఆంపియర్ల చార్జి కంట్రోలరు ఒకటి, 60 ఆంపియర్ గంటల ట్యూబులారు బ్యాటరీ, 15 ఆంపియర్ల ఫ్యూజు దాని గూటితో సహా, ఎరుపు నలుపు రంగుల రాగి వైరు, వైరు కొసలకు లగ్గులు, 12 వోల్టుల డి.సి. దీపములు, ఫ్యాను, ఫోనుకు కారులో వాడు యు.ఎస్.బి. చార్జరు, ఇనుప యాంగిలు ముక్కలు, బోల్టులు. వీటితో బాటు చవకరకము మల్టీమీటరు ఒకటి కొనుడు. కొలవనివాడు ఈ పని మొదలు పెట్టరాదు. కంట్రోలర్లు రెండు రకములు: పి.డబ్ల్యు.ఎం. అనునది చవక, ఎం.పి.పి.టి. అనునది ఖరీదైనది, ప్లేటు నుండి కొంత ఎక్కువ పిండును. ఇంత చిన్న ఏర్పాటుకు మొదటిదే చాలును. పైన వేసిన లెక్క కూడ దానికే.

ప్లేటు నిలుపుట

ప్లేటు దక్షిణమునకు చూడవలెను. దక్షిణము కనుగొనుటకు ఇల్లు కట్టు మేస్త్రీల పాత పద్ధతియే మేలు. చదునైన చోట 40 సెంటీమీటర్లు పైకి ఉండునట్లు ఒక మేకును నిట్టనిలువుగా పాతి, దాని చుట్టు 60 సెంటీమీటర్ల త్రాటితో వృత్తము గీయుడు. ఉదయము మేకు నీడ కొస వృత్తము లోపలికి వచ్చు చోట ఒక గుర్తు, మధ్యాహ్నము తరువాత అది వృత్తము దాటి బయటికి పోవు చోట మరొక గుర్తు పెట్టుడు. రెండు గుర్తులను కలుపు గీత తూర్పు పడమరలు. దానికి మట్టముగా గీసినది ఉత్తర దక్షిణములు. శంకుస్థాపన అను మాటలోని శంకువు ఈ మేకే. నడిమింటి నీడ చూచి ఉత్తరము చెప్పుదురు గాని, మన ప్రాంతమున మే, జూను నెలలలో సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు పోవును గనుక ఆ పద్ధతి అప్పుడు తప్పు చూపును. వృత్తపు పద్ధతి ఏ నెలలోనైనను తప్పదు.

వాలు సుమారు 15 డిగ్రీలు. మీటరు పొడవు ప్లేటునకు ఉత్తరపు అంచు దక్షిణపు అంచు కంటె 26 సెంటీమీటర్లు ఎత్తుండిన ఆ వాలు వచ్చును. ఐదు డిగ్రీలు అటునిటైనను నష్టము స్వల్పమే. కప్పుకు ప్లేటుకు నడుమ గాలి ఆడుటకు జానెడు సందు విడువవలెను, ఏలననగా వేడి ప్లేటుకు శత్రువు. 25 డిగ్రీల పైన వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి నూటికి సుమారు 0.4 వంతు శక్తి తగ్గును. మే నెలలో ప్లేటు 65 డిగ్రీలకు కాగినప్పుడు 100 వాట్లలో 16 వాట్లు అక్కడే పోవును. ఎండ మండిపోవుచున్నది గనుక కరెంటు కూడ అంతగా వచ్చుననుకొనువారు చలికాలపు తేట ఎండలో మీటరు పెట్టి చూడవలెను.

నీడ విషయమున ఉపేక్ష పనికిరాదు. 36 బిళ్ళలు ఒకే బోదె వంటివి. బోదెలో ఒకచోట గడ్డి అడ్డుపడినచో చివరి మడికి నీరందనట్లే, ఒక్క బిళ్ళ మీద కొబ్బరిమట్ట నీడ పడినను వరుస అంతటిలో పారుదల పడిపోవును. ఉదయము 9 నుండి సాయంత్రము 4 వరకు ఏ నీడయు పడని చోటు చూచుకొనుడు. కాకి రెట్టలు, ధూళి కూడ నీడయే. పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున మెత్తని గుడ్డతో, మంచి నీటితో కడుగవలెను. కాగిన అద్దము మీద మధ్యాహ్నము చన్నీరు పోయరాదు.

వైర్లు కలుపుట

వైరు విషయమున పిసినారితనము చూపినచో బ్యాటరీ ఎన్నటికి నిండదు. ప్లేటు నుండి కంట్రోలరు 10 మీటర్ల దూరమున్నదనుకొనుడు. పోవుటకు, వచ్చుటకు 20 మీటర్ల వైరు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 5.5 ఆంపియర్లు పారునప్పుడు దారిలోనే 1.3 వోల్టులు పోవును. 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోవునది అర వోల్టే. వేసవిలో కాగిన ప్లేటు 18కి బదులు పదిహేనున్నర వోల్టులే ఇచ్చుచున్నప్పుడు, సన్న వైరు కొసకు చేరునది 14.2. సీసపు బ్యాటరీ నిండుటకు 14.4 కావలెను. తేడా స్వల్పమే గాని, నిండుటకు నిండకపోవుటకు హద్దు అదియే. 4 చదరపు మిల్లీమీటర్ల వైరునే వాడుడు, దూరము తగ్గించుడు.

ప్లేటును బిగించునప్పుడు దానిపై దుప్పటి కప్పవలెను. తరువాత దుప్పటి తీసి మల్టీమీటరుతో ప్లేటు వోల్టులను, ఏది ప్లస్సు ఏది మైనస్సు అనుదానిని సరిచూచుకొని మరల కప్పుడు. వైరు రంగును నమ్మరాదు, మీటరును నమ్మవలెను.

కలుపు వరుస ఇది: మొదట బ్యాటరీని కంట్రోలరుకు, పిదప ప్లేటును, చివరకు దీపములను. విప్పునప్పుడు తలక్రిందులుగా. కంట్రోలరు బ్యాటరీని చూచి తాను పని చేయవలసిన వోల్టులను నిశ్చయించుకొనును. బ్యాటరీ లేకుండ ప్లేటును తగిలించినచో 21 వోల్టులు నేరుగా దానిపై పడి చెడిపోవచ్చును.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్సు కొమ్ము నుండి జానెడు దూరములోపల ఉండవలెను. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు గనుక ప్రమాదము లేదనుకొందురు. షాకు లేదు, నిప్పు ఉన్నది. పానా జారి రెండు కొమ్ముల మీద పడినచో వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రగా కాలును. ఎలుక కొరికిన వైరు రెండు పోగులు తాకినచో తాటాకు కప్పు అంటుకొనును. ఆ వైరును కాపాడునది ఫ్యూజు ఒక్కటే. పానాకు పిడి వరకు ఇన్సులేషను టేపు చుట్టుడు. చేతి ఉంగరము, కడియము తీసి పని చేయుడు.

మరొక మాట. ఇన్వర్టరు కొని ఈ బ్యాటరీ కరెంటును 230 వోల్టులకు మార్చి, రెండు కొసల పిన్ను వైరుతో ఇంటి గోడ సాకెట్టులోనికి ఎక్కించువారున్నారు. ఇల్లంతయు వెలుగును, నిజమే. కాని ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనులోనికి పోవును. ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనుకకు పోయినచో వేల వోల్టులుగా మారును. లైను చచ్చినదని నమ్మి స్తంభమెక్కినవాడు అక్కడే ప్రాణము విడుచును. అతడు మీ ఊరి కరెంటు సరిచేయుటకు వచ్చినవాడే. ఈ సాధనపు వైర్లు ఇంటి వైర్లతో ఏ చోటను కలియరాదు; దీని దీపములు వేరు, స్విచ్చులు వేరు.

బ్యాటరీ పోషణ

బ్యాటరీని చెక్కపలక మీద, గాలి ఆడు వసారాలో, పిల్లలకు అందని చోట పెట్టవలెను. చార్జి అగునప్పుడు దాని నుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది అగ్గిపుల్లకు ప్రేలును. వంటయింటిలోను, దేవుని దీపము దగ్గర, పడకగదిలోను ఉంచరాదు. నెలకొకసారి మట్టము చూచి, తగ్గినచో చార్జి నిండిన పిదప డిస్టిల్డు నీరు మాత్రమే పోయుడు. బోరు నీరు, కుళాయి నీరు, త్రాగుటకు అమ్ము క్యాను నీరు ఏదియు పనికిరాదు. ఆసిడు ఎన్నడును పోయరాదు. తరుగునది నీరే గాని ఆసిడు కాదు. చేతికి ఆసిడు తగిలినచో ధారాళముగా నీటితో కడుగుడు. కంటిలో పడినచో పావుగంట తక్కువ కాకుండ నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. నేల మీద ఒలికినదాని మీద వంటసోడా చల్లుడు. కొమ్ములకు పట్టు తెల్లని, పచ్చని బూజును వేడినీటితో తుడిచి వాజిలీను పూయుడు.

బ్యాటరీకి చార్జి గాని వాడకము గాని లేకుండ కొన్ని గంటలు ఉంచి కొలిచినచో దాని స్థితి తెలియును. 12.7 వోల్టులు నిండినట్లు, 12.4 ముక్కాలు, 12.2 సగము. ఇచ్చటనే ఆగవలెను. కంట్రోలరు తనంతట తాను దీపములు ఆపునది చాలవరకు 11 వోల్టుల సమీపమున. అది ప్రాణరక్షణ కొరకే గాని రోజువారీ హద్దు కాదు. బ్యాటరీ నుండి కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చినచో చార్జి మితిమీరినదని అర్థము. వెంటనే ప్లేటు వైరు విప్పి కంట్రోలరును పరీక్షింపుడు. పని తీరిన బ్యాటరీని చెరువు గట్టున పగులగొట్టి సీసము తీయరాదు. సీసము విషము, పిల్లలకు మరింత విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతవాటిని తిరిగి సేకరించు బాధ్యత తయారుదారులది. అమ్మినవానికి తిరిగి ఇచ్చి క్రొత్తదాని ధరలో తగ్గింపు అడుగుడు.

తుఫాను ముందు

ప్లేటును యాంగిలుకు బిగించు బోల్టులకు చేతితో తిప్పు రెక్కల నట్టులు వాడుడు. ప్లేటుకు ఒక త్రాడు కూడ కట్టి ఉంచుడు. తుఫాను హెచ్చరిక వినగానే ప్లేటు వైరు విప్పి, నట్టులు తీసి, దానిని లోపలికి దింపుకొనవలెను. ఏడెనిమిది కిలోల బరువే గనుక ఇద్దరు మనుష్యులకు ఇది కొద్ది నిమిషముల పని. దింపకుండ ఉంచినచో గాలికి లేచిన ప్లేటు పక్కవారి ఇంటి మీద కత్తి వలె పడును. హెచ్చరిక మొదటి రోజుననే ఫోనులన్నియు చార్జి చేసి, ఆ రాత్రి ఫ్యాను వాడక బ్యాటరీని నిండుగా ఉంచుకొనుడు. వరద వచ్చు ఊళ్ళలో బ్యాటరీని కూడ అటక మీదికో, మంచము మీదికో ఎత్తుడు. ఉరుములు మెరుపులు ఉన్నంతసేపు కప్పు ఎక్కరాదు. గాలి పూర్తిగా తగ్గిన పిదప ప్లేటు అద్దము పగిలినదేమో, వైరు తోలు ఊడినదేమో చూచి, దుప్పటి కప్పి, బ్యాటరీ తగిలియున్నదని నిశ్చయించుకొని, అప్పుడు ప్లేటు వైరు కలుపుడు.